సున్నపు గీత

“పొయ్యి పక్కన కాదే, గూటి కింద పెట్టా,” అంది మార్తమ్మ.

“గూడైతే ఏంది, పొయ్యైతే ఏంది? ఇంట్లోనేగా. ముంత లోపలికి తేవద్దని నిన్న చెప్పా, మొన్న చెప్పా,” అంది కోడలు రత్నకుమారి.

“బయట పెడితే కోళ్ళు కాళ్ళు పెడతన్నాయి.”

“పెట్టనీ. ఉత్త సున్నమేనంటావుగా. ఉత్త సున్నానికి ఇంత కాపలా ఎందుకత్తా?”

మార్తమ్మ ముంత ఎత్తి చూసింది. మూతి విరిగిన మట్టిముంత అది. రాత్రి నానబెట్టిన సున్నం అడుగున చిక్కగా దిగి, పైన నీళ్ళు తేరుకున్నాయి. ఈతమట్ట నలగ్గొట్టి చేసుకున్న కుంచె అందులో ఒరిగి ఉంది. దానితో ఒకసారి కలియబెట్టింది. ఆమె వేళ్ళ కొసల్ని సున్నం తినేసింది. గోళ్ళ సందున తెల్లటి చార ఎంత కడిగినా పోదు. రాత్రిళ్ళు ఆముదం రాసుకుని పడుకుంటుంది.

“జయరాజూ, నువ్వన్నా చెప్పరా,” అంది కొడుకుతో.

జయరాజు చద్దన్నంలోకి ఉల్లిపాయ కొరుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు. “నన్ను లాగబాకండి మధ్యలోకి. నాకు బట్టీ కాడే ఉంది చానా గొడవ. నువ్వు అడిగావని అడుగున పడ్డ సున్నం ఏరి తెస్తన్నా. నా చేతిలో బుట్ట చూసి కూలోళ్ళు పక్కకి తప్పుకుంటన్నారు. నిన్న నరసయ్య నేనిచ్చిన బీడీ తీసుకోలా.”

“బీడీ తీసుకోకపోతే నీకే మంచిది.”

“నవ్వులాట కాదమ్మా.”

రత్నకుమారి పొయ్యి ముందు నుంచి లేచి, గోడ పట్టుకుని నిలబడింది. ఆమెకు ఆరో నెల. పోయినేడు మొదటి కడుపు ఐదో నెలలోనే పోయింది. అత్త పక్కనుంచి వెళ్ళబోతుంటే ఆమె పైట కొంగు లాగి కడుపు మీదికి కప్పుకుంది. ఈమధ్య మార్తమ్మ అది గమనిస్తూనే ఉంది. చలికి కాదు, మర్యాదకూ కాదు. తను దాటిపోగానే ఆ కొంగు మళ్ళీ భుజం మీదికి పోతుంది.

“నేను నమ్మనత్తా. దేవుణ్ణి నమ్ముకున్నదాన్ని,” అంది రత్నకుమారి గొంతు తగ్గించి. “కానీ బావి కాడ అందరూ ఒకటే మాట. రోడ్డు మీద గీత గీసే చెయ్యే ఆ ఇంట్లో అన్నం వారుస్తందని.”

“నీకు పోయినేడు జరిగినప్పుడు గీత లేదుగా రత్నా.”

“గీత లేదు. చెయ్యి ఉందిగా.”

అనేశాక రత్నకుమారే భయపడినట్టు పొయ్యి వైపు తిరిగింది. జయరాజు చెయ్యి కడుక్కున్నాడు. మార్తమ్మ ముంత చంకన పెట్టుకుని, తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, గడప దాటింది.

బట్టీలపాలెంలో రోడ్డుకు ఒక పక్క సున్నపు బట్టీలు, నాపరాతి క్వారీలు, ఆ పనివాళ్ళ గుడిసెలు. రెండో పక్క మిషను బడి. మధ్యలో గురజాల నుంచి మాచర్ల పోయే కంకర రోడ్డు ఒక మిట్ట ఎక్కుతుంది. ఆ మిట్ట మీదే బట్టీల బాట వచ్చి రోడ్డులో కలుస్తుంది. బడికి వచ్చే ప్రతి పిల్లా ఆ రోడ్డు దాటవలసిందే.

యుద్ధం రోజుల్లో అది పెద్ద సంగతి కాదు. అప్పుడు పెట్రోలు దొరక్క బస్సు వెనక బొగ్గు డ్రమ్ము బిగించి నడిపేవాళ్ళు. మిట్ట దగ్గరికి వచ్చేసరికి బస్సు రొప్పేది. మనుషులు దిగి నెట్టేవాళ్ళు. పిల్లలు రోడ్డుకు అడ్డం పడి పరుగెత్తి, బస్సుకు అవతలి పక్కనున్న నిచ్చెన పట్టుకుని వేలాడి, మిట్ట పైన దూకేవాళ్ళు. అది వాళ్ళకు ఆట. పెద్దవాళ్ళూ చూసి నవ్వేవాళ్ళు. బస్సంటే ఎద్దుబండి కన్నా కాస్త పెద్దదని, దాని ముందునుంచి ఎప్పుడైనా దాటవచ్చని ఆ పిల్లల కాళ్ళకు అలవాటైపోయింది.

యుద్ధం ముగిసింది. పెట్రోలు వచ్చింది. బొగ్గు డ్రమ్ము ఊడదీశారు. బస్సు ఒక్క ఊపున మిట్ట ఎక్కడం మొదలుపెట్టింది. కానీ పిల్లల కాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పాలెంలో రాజమ్మ కూతురు ఎప్పటిలాగే నిచ్చెన కోసం బస్సు ముందునుంచి పరుగెత్తింది. పాత బస్సైతే ఆ పిల్ల అవతలికి చేరి, వెనక్కి తిరిగి, పావడా సర్దుకునేంత వ్యవధి ఉండేది.

ఆ పిల్ల పోయాక, మిషను బడి పంతులమ్మ మార్తమ్మ తన తరగతిలో రోజూ చెప్పింది. బస్సు కనబడితే ఆగాలి, అటూ ఇటూ చూడాలి, పరుగెత్తకూడదు, నిచ్చెన పట్టుకోకూడదు. పిల్లలు బడిలో తలలూపేవాళ్ళు. రోడ్డు మీదికి రాగానే పరుగెత్తేవాళ్ళు. చివరికి ఒక పొద్దున ఆమె జయరాజు చేత సున్నం తెప్పించి, రోడ్డు అంచున పొడుగునా ఒక గీత గీసింది. చెడుగుడు ఆటలో గీత ఉంటే పిల్లలు ఆగుతారు కదా అన్నదే ఆమె ఆలోచన.

మొదటి రోజే గీత పనిచేసింది. ఒక్క పిల్ల కూడా అడుగు ముందుకు వేయలేదు. ఇంతకాలానికి తన పాఠం తలకెక్కిందని ఆమె ఆ రాత్రి దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. అసలు కారణం తరువాత తెలిసింది. అది మూడు బాటలు కలిసే చోటు. పాలెంవాళ్ళు మంగళవారం నాడు దిష్టి తీసిన నిమ్మకాయలూ ఎర్రన్నమూ పారేసే చోటు. అక్కడ తెల్లవారకముందే ఒక ముసలావిడ సున్నంతో గీత గీస్తే దానికి ఎవరు ఏ అర్థం చెప్పుకుంటారో వేరే చెప్పాలా? పైగా మార్తమ్మ తల్లి, బాప్తిస్మం పుచ్చుకోకముందు, క్వారీల్లో తేలు కుట్టినవాళ్ళకు మంత్రం వేసేది. పాలెంలో ముసలివాళ్ళకు అది ఇంకా గుర్తే.

ఆ సంగతి తెలిసిననాడే గీత మానేయవలసింది. ఆమె మానలేదు. ఎందుకు మానలేదా అని అప్పుడప్పుడు తనను తానే అనుమానంగా చూసుకునేది. తను నడిచి వస్తుంటే గుడిసెల ముందు మాటలు ఆగిపోవడం ఎక్కడో ఒక మూల తనకు బాగుందేమో. భర్త పోయినప్పటినుంచి ఆమె వస్తుంటే మాటలు ఆపిన వాళ్ళు లేరు.

ఆమె వంగి గీత దిద్దుతుంటే మంగమ్మ వచ్చి నిలబడింది. నెత్తిన చుట్టకుదురు, చేతిలో కొడుకు కొండలు పలక. ఆమె క్వారీలో బండలు మోస్తుంది.

“ఇయ్యాల దేంతో కలిపావు పంతులమ్మా సున్నం?”

“నీళ్ళతో.”

“ఏ నీళ్ళు?”

“బావి నీళ్ళు మంగమ్మా. మీరు తాగే నీళ్ళే.”

“అదే అడుగుతున్నా. మేం తాగే నీళ్ళు,” అంది మంగమ్మ, తనకు కావలసింది దొరికినట్టు. “ఒరేయ్ కొండలూ, ఆ తెల్లదాని మీద కాలు పడిందంటే విరగ్గొడతా. పడితే పుల్లలాగా ఎండిపోతావు. అంకమ్మరావు దూడ ఎండిపోలా?”

“దూడకి పారుడు రోగం పట్టింది అమ్మా,” అన్నాడు కొండలు.

“ఎందుకు పట్టింది?”

కొండలు ఆలోచించి, కాళ్ళు రెండూ వెనక్కి తీసుకున్నాడు. బస్సు గురజాల వైపునుంచి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. పిల్లలంతా గీత వెనక, కాలివేళ్ళు ముడుచుకుని నిలబడ్డారు. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. “ఇటు చూడండి. అటు చూడండి. చెవి పెట్టి వినండి. ఇప్పుడు నడవండి, పరుగెత్తబాకండి,” అంది మార్తమ్మ. గీత ఒక చివర ఆమె ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి ఉంచింది. పిల్లలు ఒకరి వెనక ఒకరు ఆ ఖాళీలోంచే దాటారు. పిల్లలు దాటడానికి వీలుగా ఆమె వదిలిన ఖాళీ అది. పిల్లలు మాత్రం దాన్ని దెయ్యం లేని సందు అనేవాళ్ళు.

బడిలో ఆ రోజు కూడా రోడ్డు పాఠమే. పొడుగుబల్ల తిరగేస్తే బస్సు. దాని మీద ఒకడు డ్రైవరు. ఇద్దరు పిల్లలు ఎద్దులు, సాజిదా బండివాడు.

“బండి ఎటు పోవాలి?”

“ఎడం పక్కకి.”

“మరి నువ్వు నడిమధ్యన ఎందుకు నిలబడ్డావు సాజిదా?”

“బండివాడు నిద్రపోతన్నాడు పంతులమ్మా. మా నాన్న ఎప్పుడూ నిద్రపోతాడు. ఎడ్లకే తెలుసు ఇల్లు.”

తరగతి నవ్వింది. మార్తమ్మకూ నవ్వొచ్చింది. “ఎడ్లకి ఇల్లు తెలుసు. బస్సు తెలియదు,” అంది. “మీ నాన్నకి చెప్పు, మిట్ట కాడికి వచ్చాక నిద్ర లెమ్మను.”

పెద్దపంతులు నెహెమ్యా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు. పంచె మీద కోటు వేసుకుని, చేతిలో వేదపుస్తకం పట్టుకుని, ఆమెను వరండాలోకి రమ్మన్నాడు.

“మిషను దొరగారి దాకా పోయింది మార్తమ్మా మాట.”

“ఎవరు మోశారు?”

“అది అడక్కు. మిషను బడిలో మంత్రగత్తె పాఠం చెప్తందంటే దొరగారు ఊరుకుంటారా? సోమవారానికల్లా తేల్చమన్నారు.”

మార్తమ్మ ఆయన కోటు గుండీల వంక చూసింది. ఆయన అన్నకూతురు నరసరావుపేటలో పంతులమ్మ ట్రైనింగు ముగించి ఇంటిదగ్గర ఖాళీగా ఉందన్న సంగతి ఆమెకు తెలుసు. మాట మోసింది ఈయనే కావచ్చు. కాకపోవచ్చు. ఈ మధ్య ఎవరి ముఖం చూసినా ఆమెకు ఇదే అనుమానం.

“సాయంత్రం తల్లులందర్నీ మిట్ట కాడికి రమ్మన్నా,” అన్నాడు నెహెమ్యా. “వాళ్ళ ముందు నేనే గీత తొక్కి చూపిస్తా. తరవాత నువ్వు నీ నోటితో చెప్పు, ఇది ఉత్త సున్నమని. ఆదివారం మన మిషను గుళ్ళో కూడా అదే మాట. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, దొరగారికి నేను చెప్తా. చెప్పకపోతే మాత్రం సోమవారం నుంచి నీ కుర్చీలో వేరేవాళ్ళు కూచుంటారు.”

“ఎందుకు చెప్పనయ్యా? నిజమేగా,” అంది మార్తమ్మ.

చెప్పాలనే అనుకుంది. మధ్యాహ్నమంతా ఆ మాట ఆమెకు తేలికగా అనిపించింది. ఇంటికి పోయి కోడలితో, ఇక నీ కొంగు దించుకో అని చెప్పవచ్చు. నరసయ్య మళ్ళీ జయరాజు దగ్గర బీడీ తీసుకుంటాడు. పిల్లలకు మాటలతోనే నేర్పవచ్చు, ఇంకొంచెం ఓపిక పడితే.

సాయంత్రం బడి వదిలేసరికి రోడ్డుకు అవతల తల్లులు గుంపుగా చేరారు. బిందెతో బావికి పోతున్న రత్నకుమారి కూడా ఆగింది, కాస్త ఎడంగా. సాయంత్రం పిల్లలు ఆగడానికని మార్తమ్మ బడి వైపు అంచున కూడా ఇంకో గీత గీసి ఉంచేది. నెహెమ్యా దాని ముందు నిలబడ్డాడు.

“చూడండమ్మా. ఇందులో ఏమీ లేదు.” చెప్పు కాలితో గీత మీద నిలబడ్డాడు. అటూ ఇటూ రుద్దాడు. తెల్లటి గీత మట్టిలో కలిసి బూడిద రంగైంది. “చూశారా, నాకేమైంది? రండిరా పిల్లలూ. మీరూ తొక్కండి. కొండలూ, నువ్వు రా ముందు.”

కొండలు అవతలున్న తల్లి వంక చూశాడు, పంతులమ్మ వంక చూశాడు. కాలి బొటనవేలు ఆనించాడు. తీశాడు. మళ్ళీ పాదమంతా పెట్టాడు. ఏమీ కాలేదు. వాడి ముఖం విప్పారింది. మరు నిమిషంలో పిల్లలంతా గీత మీద గెంతుతున్నారు. ఇటు గెంతి, అటు గెంతి, పడీపడీ నవ్వుతున్నారు. ఇన్నాళ్ళ భయం కాళ్ళలోంచి దులిపేసుకుంటున్నట్టుంది. సాజిదా ఒంటికాలి మీద దాటి, “దెయ్యం చచ్చింది,” అని అరిచింది.

“ఇప్పుడు చెప్పమ్మా మార్తమ్మా,” అన్నాడు నెహెమ్యా.

ఆమె నోరు తెరవబోయేంతలో మిట్ట పైన హారన్ వినిపించింది. మాచర్ల నుంచి తిరిగి వచ్చే బస్సు. మిట్ట దిగుతూ వస్తోంది. గెంతుతున్న పిల్లల్లోంచి కొండలు విడిపడ్డాడు. గీత లేదు. గీత లేనప్పుడు ఉండే ఆటే వాడికి గుర్తొచ్చింది. అవతలి పక్క నిచ్చెన కోసం బస్సు ముందునుంచి పరుగుతీశాడు.

మార్తమ్మ కేక వేసింది. అది మాటో కాదో ఆమెకే తెలియదు. బస్సు కీచుమని దుమ్ములో అడ్డంగా ఈడ్చుకుపోయి ఆగింది. దుమ్ము తేరుకునేదాకా ఎవరూ కదలలేదు.

కొండలు అవతలి అంచున గుంటలో కూర్చుని ఉన్నాడు. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. వాడి పలక చక్రం కింద పొడి అయింది. డ్రైవరు కిందికి దిగి తల్లుల్నీ పిల్లల్నీ పంతుళ్ళనీ కలిపి తిట్టి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు.

మంగమ్మ కొడుకును రెండు దెబ్బలు కొట్టి, అదే చేత్తో గుండెకు అదుముకుంది. తరువాత రోడ్డు దాటి వచ్చి, చెరిగిన గీతకు అవతలే, దాన్ని తొక్కకుండా నిలబడింది.

“తొక్కాడు. తొక్కించారు. తొక్కిన మరుక్షణం చూశారుగా,” అంది. “పంతులమ్మా, నీకూ కొడుకున్నాడు. నిజం చెప్పు. అందులో ఏం పెట్టావు?”

“ఏమీ పెట్టలేదని చెప్పమ్మా,” అన్నాడు నెహెమ్యా. “చెప్పు, అందరూ వింటున్నారు.”

మార్తమ్మ ఆయనను చూడలేదు, మంగమ్మను చూడలేదు. పిల్లల కాళ్ళను చూసింది. ఇంతకుముందు గెంతినవాళ్ళంతా మళ్ళీ గీత వెనక్కి చేరారు. గీత సగం చెరిగిపోయినా, అది ఎక్కడ ఉండేదో వాళ్ళకు తెలుసు. సరిగ్గా అక్కడికి వెనకే, కాలివేళ్ళు ముడుచుకుని, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడ్డారు. సాజిదా పెదవి కొరుక్కుంటోంది.

“తొక్కొద్దని నేను ముందే చెప్పా,” అంది మార్తమ్మ.

అవతల నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్క అడుగు వెనక్కి వేశారు. నెహెమ్యా కాసేపు ఆమె ముఖంలోకి చూసి, “సరే,” అని, కోటు దులుపుకుని వెళ్ళిపోయాడు. మార్తమ్మ కళ్ళెత్తేసరికి రత్నకుమారి నీళ్ళు తోడుకోకుండానే ఖాళీ బిందెతో ఇంటివైపు పోతోంది.

దీపం పెట్టే వేళకు ముగ్గురూ వంటింట్లో ఉన్నారు. రత్నకుమారి అత్తకు కంచం పెట్టింది. మార్తమ్మ చెయ్యి చాచకముందే తన చెయ్యి వెనక్కి తీసుకుంది. మెతుకులు కొన్ని కింద పడ్డాయి.

“పొద్దున నాతో ఉత్త సున్నమన్నావు,” అంది రత్నకుమారి. “సాయంత్రం వాళ్ళతో ఆ మాటన్నావు. ఏది అబద్ధం?”

“నీకు చెప్పిందే నిజం.”

“వాళ్ళకూ నిజంలాగే చెప్పావుగా.”

మార్తమ్మ కింద పడ్డ మెతుకులు ఏరి కంచం అంచున పెట్టుకుంది.

“అమ్మా, ఆదివారం గుళ్ళో లేచి ఒక్క మాట చెప్పు,” అన్నాడు జయరాజు. “పెద్దపంతులు కాళ్ళు నేను పట్టుకుంటా. ఒక్క మాటతో పోద్ది.”

“భయమూ పోద్దిరా. అందుకే చెప్పను. మళ్ళీ తొక్కుతారు.”

“మరి నీ పేరో? ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి మంత్రగత్తెవనిపించుకుంటావా?”

మార్తమ్మ అన్నం కలుపుకుంటూ వేళ్ళు చూసుకుంది. పులుసు తగిలి పగుళ్ళు మండుతున్నాయి. తిన్నంత తిని, కంచంలోనే చెయ్యి కడుక్కుంది. అప్పుడు, రేపటి కూర సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

“తెల్లారి సున్నం బండి మీద గురజాల పోయి రైలెక్కుతా. పెదకూరపాడులో తమ్ముడి దగ్గర ఉంటా. గుళ్ళో నా పేరెత్తితే మీరు అవుననబాకండి, కాదనీ అనబాకండి. రత్నా, కాన్పుకి రమ్మని కబురు పెడితే వస్తా. పెట్టకపోతే రాను. నువ్వు భయపడకుండా కను.”

రత్నకుమారే అడిగింది, కొంగు చేత్తో నలుపుతూ. “గీత మరి? ఎవరు గీస్తారు?”

“ఎవరూ గీయక్కర్లా. నేను మంత్రం పెట్టి పోయానని అంటారుగా. వానకి చెరిగినా ఆ చోట తొక్కరు.”

జయరాజు దీపం వత్తి సవరించబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తెల్లవారుజామున బండి వచ్చింది. జయరాజు పెట్టె ఎక్కించాడు. రత్నకుమారి గుమ్మంలో నిలబడింది, కొంగు కడుపు మీదే ఉంది. బండి మిట్ట దగ్గర ఎడం పక్కకు జరిగి, మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

ముంతను రత్నకుమారి ఇంట్లోకి తేలేదు. పారేయనూ లేదు. గోడ పక్కన అది అలాగే ఉంది. పైనున్న నీళ్ళు ఇంకిపోయి సున్నం గట్టిపడింది. కుంచె అందులో నిలువుగా బిగుసుకుపోయింది, దాని పక్కనే ఒక కోడికాలి అచ్చు.